దారిలో ఆపిన చోట్లు

"సార్, ఒక్క పది నిమిషాలు. పాపను ఆ ఉప్పు మీద ఉత్త కాళ్ళతో నడిపిద్దాము."

అవునా కాదా అనేలోపే కారు పక్కకు తీసి దిగేశాడు బయ్యప్ప.

నందకిశోర్‌కు ఒళ్ళు మండింది. చిక్కబళ్ళాపురం నుంచి మూడు రోజులు ప్రయాణం చేసి గుజరాత్ చేరింది అడవి గాడిదలను చూడ్డానికి గానీ, ఉప్పుమడుల్లో తిరగడానికా?

అసలీ ప్రయాణం అతని భార్య భానుది. ఎడారి పార్కులన్నీ కారులో తిరిగి రావాలని ఆమె కోరిక. బయలుదేరడానికి వారం ముందు, బాగేపల్లి హైవే మీద ఆమె స్కూటీని లారీ గుద్దేసింది. అప్పటికి కూతురు దీక్షకు ఆరేళ్ళు.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ పిల్ల మళ్ళీ నవ్వలేదు. అడిగితే "ఊ" అంటుంది, అంతే.

చూపించని డాక్టరు లేడు. చివరికి తల్లి అనుకున్న చోట్లకే తీసుకుపోతే ఏమైనా మారుతుందేమోనని కారు తీశాడు. అంత దూరం ఒక్కడే నడపలేక రోజు లెక్కన వచ్చే యాక్టింగ్ డ్రైవర్ కోసం ఫోన్ చేస్తే, బాగేపల్లి పక్కనున్న గూళూరు నుంచి ఈ బయ్యప్ప వచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి.

దీక్ష ఉప్పు మీద అడుగు పెట్టింది. చురుక్కుమనగానే కాలు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది.

"ఎట్లుండాది పాపా?"

"చక్కిలిగిలి పెడతాంది తాతా!"

నందకిశోర్ నోరు తెరుచుకుని చూశాడు. బిడ్డ ఒక వాక్యం మాట్లాడింది!

మర్నాడు ఒక కుమ్మరి ఇంటి ముందు ఆపాడు బయ్యప్ప. "పాప చేత ఒక ముంత చేయిద్దాము సార్."

సారె గిర్రున తిరిగింది. మట్టి ఎగిరి బయ్యప్ప మీసం మీద పడింది. దీక్ష పకపకా నవ్వింది. ఏం నవ్వనుకున్నారు, పక్కింటి మేకలు కూడా తలెత్తి చూశాయి.

నందకిశోర్ కారు చాటుకు పోయి ఏడ్చేశాడు.

అక్కడితో ఆగివుంటే ఎంత బాగుండేది!

రాజస్థాన్ దాటుకుని జైసల్మేర్ చేరాక, ఒంటె పాల టీ అని ఒక చోట, కొయ్యబొమ్మలాటని ఇంకో చోట ఆపాడు బయ్యప్ప. ఎడారి పార్కు చేరేసరికి గేటు మూసేశారు. బట్టమేక పిట్టను చూద్దామని భాను ఎంత ఆశపడిందో! నందకిశోర్ ఉసూరుమంటూ హోటలుకు వచ్చి సంగతి చెబితే, మేనేజరు నవ్వాడు.

"డ్రైవర్లంతా అంతే సాబ్. ఆపిన ప్రతి చోటా వాళ్ళకు కమీషన్."

నందకిశోర్ తల తిరిగిపోయింది. నేరుగా కారు దగ్గరికి పోయాడు.

"ఒక్కో చోట ఎంతిస్తారు బయ్యప్పా నీకు?"

"ఏంది సార్?"

"కమీషన్! నా బిడ్డ నవ్వును అమ్ముకుంటాండావా?"

బయ్యప్ప ముఖం నల్లబడింది. "దేవుడి మీద ఒట్టు సార్, పైసా ముట్టలేదు."

"ఈ పక్కకు ముందెప్పుడన్నా వచ్చినావా?"

"లేదు సార్."

"మరి యాడేముండాదో నీకెవరు చెప్పినారు?"

బయ్యప్ప కారులో కూర్చున్న దీక్ష వైపు చూసి తల దించుకున్నాడు.

"ఊరు చేరినాంక చెప్తా సార్. ఇంకొకటే మిగిలుండాది. అది మాత్రం పాపకు..."

"ఏమీ వద్దు! తాళాలిచ్చి పో!"

రైలు టికెట్టు చేతిలో పెట్టి పంపేశాడు. పోతూ పోతూ బయ్యప్ప దీక్ష తల నిమిరాడు.

దీక్ష మళ్ళీ నోరు మూసుకుంది. నందకిశోర్ ఎట్లో తానొక్కడే నడిపి ఇల్లు చేర్చినా తెరవలేదు. అన్నం ముందు కూర్చుని గోడ చూస్తుంది.

నెల రోజులు ఓర్చుకుని, తానే తగ్గి, నందకిశోర్ బండేసుకుని గూళూరు పోయాడు. ఎట్లాగైనా బతిమాలి బయ్యప్పను బిడ్డ దగ్గరికి తీసుకురావాలి.

వాకిట్లో చెనక్కాయలు వలుస్తున్న ముసలామె తలెత్తింది. బయ్యప్ప భార్య రామలక్ష్మమ్మ.

"బయ్యప్ప యాడుండాడమ్మా?"

"పోయి పదైదు దినాలాయె నాయనా. ఎద నొప్పని కూసున్నోడు లేయనేలేదు."

నందకిశోర్ అరుగు మీద కూలబడ్డాడు. "అనరాని మాటలన్నానమ్మా ఆయప్పను..."

"దీక్ష నాయనవా నువ్వు?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆయప్ప నిన్ను తప్పనలేదు. నాలుగు మాట్లు ఫోను చేసె. నువ్వెత్తలేదంట."

ఎత్తలేదు. పేరు చూసి కట్ చేశాడు.

"ఏం చెప్పాలనమ్మా?"

"పాప ముందర ఎట్ల చెప్పేదని ఊరొచ్చేదాకా బిగబట్టుకోనుండె. నువ్వు డ్రైవరు కావల్లని అడిగిన దినం, పాప పేరూ పోయే ఊర్లూ ఇని, జరంలో పండుకున్నోడు లేసి, ‘ఈ దోవకు నేనే పోవల్ల’ అనె."

"ఎందుకు?"

"ఆ పొద్దు హైవేలో మీ భానమ్మను కారులో ఏసుకోని ఆస్పత్రికి పోయింది మా ఇంటాయనే కదప్పా, పానం పోయేదాకా ఆ తల్లి, ‘నా దీక్షను ఉప్పు మీద నడిపించల్ల, ముంత చేయించల్ల’ అని ఒక్కొక్కటే చెప్తానే ఉండెనంట."