రాని మనిషికి వేసిన విస్తరి

“ఏమ్మా, వడ్డించేటప్పుడు ఆ కూనిరాగాలేమిటి? ఇది మెస్సా, భజన మందిరమా?”

జనార్దనరావు కసురుకునేసరికి అన్నపూర్ణేశ్వరి పాట ఆపేసి చారు పోసింది.

ఢిల్లీ కరోల్‌బాగ్‌లో పాపయ్య నడిపే ఆంధ్రా మెస్సుకు ఆమె కొత్త వంటమనిషి. జనార్దనరావేమో యూనివర్సిటీలో తెలుగు పరిశోధకుడు. అక్షరం ముక్క రానివాళ్ళ చేతికూడు తినవలసి రావడం తన ఖర్మ అనుకుంటాడు.

“థీసిస్ ఎందాకా వచ్చింది గురూ?” పక్కనున్న దశరథ్ అడిగాడు.

“ఒకటే చిక్కు. పాత పద్యంలోనూ, ఇరవై ఏళ్ళ తర్వాతొచ్చిన నవలలోనూ ఒకే ఇల్లాలు. ఎప్పుడొస్తాడో తెలియని మొగుడికి రోజూ విస్తరి వేస్తుంది. కానీ ఆ నవలాకారుడు పద్యాల మొహం చూసినవాడు కాదు. అది ఆయనదాకా ఎలా చేరిందో చూపిస్తేనే డిగ్రీ అంటున్నారు మా ప్రొఫెసర్.”

“రెండూ ఒకటేనా?”

“చివర్లో తేడా. పద్యంలో ఆవిడ విస్తరి ముందు కూలబడి ఏడుస్తుంది. నవలలో ఏడవదు.”

“పద్యంలో ఆవిడా ఏడవలేదు బాబూ,” గరిటె ఆపి అంది అన్నపూర్ణేశ్వరి. “ఆ విస్తరి ఆవుకు పెట్టి, మర్నాడు ఇంకోటి వేసింది.”

జనార్దనరావు పకపకా నవ్వాడు.

“అచ్ఛా! పద్యం అచ్చులో ఉందమ్మా. నీకు చదవడం వచ్చా?”

“రాదు బాబూ.”

“అయితే చారు సంగతి చూసుకో. దీనికంటే కుళాయి నీళ్ళు నయం.”

చెయ్యి కడుక్కుంటూ పాపయ్యకు తేల్చి చెప్పాడు. “ఆవిణ్ణి మాన్పిస్తారా, మమ్మల్ని మానమంటారా?”

వారం తిరక్కుండానే ఘాజియాబాద్ నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. అతను పద్యం గురించి అడిగినదానికి నవలాకారుడి కూతురు లలితకుమారి రాసిన జవాబు.

“నాన్నగారు ఆ పద్యం చదవలేదు. మా ఇంట్లో వంటచేసే అన్నపూర్ణేశ్వరిగారు పాడుతుంటే విన్నారు. చివర మాత్రం ఆవిడ మార్చి పాడేవారు. ఇప్పుడు కరోల్‌బాగ్ మెస్సులో ఉన్నారట, వెళ్ళి అడగండి.”

ఉత్తరం చేతపట్టుకునే పరుగెత్తాడు.

మెస్సులో ఎవరో కొత్త మనిషి వడ్డిస్తోంది.

“మొన్ననే రైలెక్కేసిందండీ,” అన్నాడు పాపయ్య. “ఏ ఊరో చెప్పలేదు. మీరేగా వద్దన్నారు?”

జనార్దనరావు బెంచీ మీద కూలబడ్డాడు. ఉత్తరం చివరి మడతలో ఇంకో వాక్యం మిగిలుంది.

“స్వరాజ్యం రోజుల్లో ఆ కవి జైల్లో కూర్చుని, ఇంటి దగ్గర భార్య తనకోసం ఏడుస్తోందనుకుని పద్యంలో రాసిన ఇల్లాలు ఆవిడే.”