గొణుగుడు మాస్టారు

"మేడమ్, ఆయన మళ్ళీ మొదలెట్టాడు."

ఉద్యోగ పరీక్షకి చదువుకుంటున్న యువకుడు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మరీ వచ్చి చెప్పాడు.

ఎవరి గురించో లైబ్రేరియన్‌కి తల ఎత్తకుండానే తెలిసిపోయింది.

పిల్లల పుస్తకాల మూల, చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, బొమ్మల పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని గొణుక్కునే పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్ళు ఆయనకి పెట్టిన పేరు గొణుగుడు మాస్టారు. ఆయన ఏ బళ్ళోనూ మాస్టారు కాదు. చదివిన పేజీయే మళ్ళీ మళ్ళీ చదవడం చూసి ఎవరో నవ్వులాటకి తగిలించిన పేరు.

అంతకుముందు ఒక తల్లి కూడా వచ్చి గునిసి వెళ్ళింది. "పిల్లల దగ్గర ఆ ముసలాయనకి ఏం పనండీ? రోజులు బాగోలేవు."

ఇంకో రోజైతే లైబ్రేరియన్ నెమ్మదిగానే చెప్పేదేమో. ఆ రోజు పొద్దున్నే తన ఇంట్లో పెద్ద యుద్ధం అయింది.

మూడో తరగతి కూతురు 'పడవ'ని 'వడప' అని చదివింది. దిద్దితే 'వడవ' అంది. మళ్ళీ దిద్దితే నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. తల్లి చెయ్యి దానంతటదే లేచింది. పిల్ల చెంప మీద వేళ్ళు తేలాయి.

పుస్తకాల మధ్యే బతికే మనిషి కూతురికి చదవడం రాదు. 'దీపం కింద చీకటి' అని తోడికోడలు అనగా చెవిన పడిన దగ్గర్నుంచి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అరచెయ్యి మంట ఇంకా చల్లారకముందే వెళ్ళి పెద్దాయన ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇక్కడ పైకి చదవకూడదు. లోపల్లోపల చదువుకోండి."

"రాదమ్మా," అన్నాడాయన.

వెటకారం అనుకుంది.

"రాకపోతే ఇంటి దగ్గర నేర్చుకుని రండి. ఇది బడి కాదు."

వెనక ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

పెద్దాయన పుస్తకం మూశాడు. తీసిన అరలోనే జాగ్రత్తగా పెట్టాడు.

"ఇబ్బంది పెట్టాను. ఏమనుకోకమ్మా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పీడ వదిలింది అనుకున్నారు అందరూ.

నెల తిరక్కుండా కూతురి బడి నుంచి పిలుపు వచ్చింది. చదువులో వెనకబడిన పిల్లల కోసం ఆ ఏడే పెట్టిన స్పెషల్ టీచరు కుర్చీ చూపించి, సూటిగా అడిగింది.

"పాపని కొడుతున్నారా?"

తల్లి తల దించుకుంది. "ఎంత చెప్పినా ఎక్కడం లేదండీ. ఒట్టి బద్ధకం."

"బద్ధకం కాదు. దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివికేం లోటు లేదు. మనకి కుదురుగా నిలబడే అక్షరాలు తనకి నిలబడవు. కొడితే నిలబడతాయా, చెప్పండి?"



టీచరు ఆమె ఫోన్లోకి కొన్ని కథల రికార్డింగులు పంపింది, వాటి పుస్తకాలూ చేతికిచ్చింది. "పుస్తకం తెరిచి ఇవి వినిపించండి. మాట వెంబడే వేలు జరపమనండి. తప్పు చదివినా మధ్యలో అందుకోకండి. పక్కన కూర్చోండి, చాలు."

ఎవరో పెద్ద వయసు మగమనిషి గొంతు. తొందర లేదు. ఒక్కో మాటనీ చెయ్యి పట్టుకుని కాలవ దాటించినట్టు చదివేది. కష్టమైన మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పలికేది.

మొదట్లో అమ్మ పక్కన కూర్చుంటే చాలు, పిల్ల చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది చూసి తల్లి తన చేతులు ఒళ్ళో దాచుకునేది.

రోజులు గడిచాక ఆ చెయ్యి కిందికి దిగింది.

"ఈ తాతయ్య నా కోసం ఆగుతాడమ్మా," అంది పిల్ల.

ఒక సాయంత్రం ఫోన్ ఆపేసి, తర్వాతి వాక్యం తనే చదివింది. తడబడుతూనే, తప్పు లేకుండా. తల్లి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చింది.

అంతలో కథలు అయిపోయాయి. చివరిది సగంలోనే ఆగింది, దారి తప్పిన మేకపిల్ల ఇల్లు చేరకముందే.

"మిగతాది నేను చదువుతాలే అమ్మడూ," అంది తల్లి.

రెండు వాక్యాలు కాగానే పిల్ల పుస్తకం మూసేసింది. "నువ్వు పరిగెడుతున్నావు."

మర్నాడు తల్లి టీచరు దగ్గరికి వెళ్ళి మిగతా సగం అడిగింది.

"ఆయన మానేశారండీ," అంది టీచరు. "డబ్బు తీసుకోకుండా చదివి రికార్డు చేసి ఇచ్చేవారు. ఇంట్లో ఒకటే గది, మనవల గోల. అందుకని లైబ్రరీలో, పిల్లల పుస్తకాల దగ్గర కూర్చుని సాధన చేసుకునేవారు. అక్కడెవరో పైకి చదవొద్దన్నారట. ఇక నావల్ల కాదమ్మా అనేశారు."

లైబ్రేరియన్ లేచి నిలబడింది.

"ఆ అన్నది నేనేనండీ. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. ఇల్లెక్కడ?"

టీచరు తల అడ్డంగా ఊపింది.

"గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కొడుక్కి వేరే ఊళ్ళో పని దొరికిందట. ఫోన్ కూడా కలవడం లేదు."

బయట గంట కొట్టారు. పిల్లలు వరండాలో బిలబిలమంటూ పరిగెత్తారు.

"అంత బాగా చదివే మనిషి, ఒకే పేజీ అన్నిసార్లు ఎందుకు చదివేవారండీ?" అంది లైబ్రేరియన్, ఎటో చూస్తూ.

"ఆయనకీ అక్షరాలు నిలబడవండీ," అంది టీచరు. "మొద్దు అని చిన్నప్పుడే బళ్ళోంచి పంపేశారట. ఇన్నేళ్ళకి సాయంత్రాలు మా ఇంటికొచ్చి చదవడం నేర్చుకున్నారు. మీ పాప విన్న ఆ కథలే, ఆయన తన బతుకులో చదివిన మొదటి పుస్తకాలు."