హంసపాదు

విచియన్ మూడో ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈసారీ దిద్దలేదన్నాడు.

థాయ్‌లాండులో ఫెచ్చబురి ఏటి ఒడ్డున ఉన్న కాఫీ కొట్లో ప్రతి ఆదివారం పొద్దున నలుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరూ తాము ప్రస్తుతం చదువుతున్న పుస్తకం గురించి అభిప్రాయం చెప్పాలి. చదవడం అయిపోయిన పుస్తకం ఊసెత్తకూడదు. అయిపోయాక ప్రతివాడూ మేధావేనని, సగంలో ఉన్నప్పుడే మనిషి నోట్లోంచి నిజం వస్తుందని రిటైరైన పోస్టుమాస్టరు తవిన్ సిద్ధాంతం.

ఆ వారం తవిన్ దెయ్యాల నవల సగంలో ఉన్నాడు. దెయ్యం కంటే దాని అత్తగారే ఎక్కువ భయపెడుతోందన్నాడు. పంతులమ్మ బున్‌రువమ్ చేతిలో వంటల పుస్తకం. వండే ఉద్దేశమేమీ లేదు, రాసినావిడ గొప్పలు చదవడానికట. అంగున్‌ది ఎప్పటిలాగే డిటెక్టివ్ నవల. హంతకుడెవరో యాభయ్యో పేజీలోనే తెలిసిపోయిందని, పాపం ఆ అమాయకపు పోలీసు కోసం చదువుతున్నానని చెప్పింది. చెబుతూనే విచియన్ ముందున్న కాఫీ కప్పు పక్కకు జరిపి, గోరువెచ్చని నీళ్ళు తెప్పించింది. ఆయన ఈ మధ్య బాగా చిక్కిపోయాడు. షుగరై ఉంటుందని తవిన్ అనుమానం.

విచియన్ ముప్పై ఏళ్ళు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. రెండు నెలలుగా ఆయన చదువుతున్నది ఒకే పుస్తకం. ఒక మామూలు ఉద్యోగి జీవితచరిత్ర, ఎనభై పేజీలు. ఆయన అభిప్రాయమూ వారం వారం ఒకటే. అందులో మనిషి మరీ మంచివాడైపోయాడు.

పుట్టడం, చదువుకోవడం, అందరిలాగే మూడు నెలలు బౌద్ధ భిక్షువుగా ఉండటం, పెళ్ళి, పిల్లలు, విహారానికి గంట దానం చేయడం, అన్నీ ఉన్నాయి. నలభయ్యో ఏట పని కోసం దక్షిణాదికి వెళ్ళాడని ఒక వాక్యం. తొమ్మిదేళ్ళకు ఇంటికి తిరిగొచ్చాడని ఆ పక్క వాక్యం. మధ్యలో ఒక ఫుల్‌స్టాపు.

"ఆ ఫుల్‌స్టాపులో ఒకావిడ ఉంది" అన్నాడు విచియన్.

"పుస్తకంలో లేనిది నీకెలా తెలుసన్నా?" అన్నాడు తవిన్.

"మాట ఎగిరిపోయిన చోటు ప్రూఫురీడరుకి తెలీదట్రా?"

మొదటి ప్రూఫులోనే అక్కడ ఎర్రసిరాతో హంసపాదు పెట్టి, ఆవిడ పేరు రాసి, మూడు వాక్యాలు చేర్చాడు. టైఫాయిడ్‌తో పడి ఉంటే నలభై రోజులు గంజి పోసి బతికించిందని. రెండో ప్రూఫు వచ్చింది. కామాలన్నీ దిద్దారు. గంట బరువు తప్పు పడితే దిద్దారు. ఆవిడ మాత్రం రాలేదు. మళ్ళీ హంసపాదు పెట్టాడు. ఇదిగో మూడో ప్రూఫు.

రాసినాయనతో మాట్లాడలేదా అని బున్‌రువమ్ అడిగింది. మాట్లాడాడట. చాలా మర్యాదస్తుడట. నేల మీద కూర్చుని, తల వంచుకుని, అంతా విన్నాడట. విని, ఇలాంటి పుస్తకాల్లో అలాంటివి వెయ్యరన్నాడట.

"'ఇది మా అమ్మ చదువుతుంది' అంటాడు. ఇంక నేనేం మాట్లాడను?"

"అమ్మ చదువుతుందని జంకేవాడు కలం పట్టడం ఎందుకు, చేపలు పట్టుకోక" అన్నాడు తవిన్.

విచియన్ నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక మిగతాది చెప్పాడు. మంగళవారం అచ్చుకు వెళ్ళిపోతోంది. ఆఖరి పేజీల ఫారం ఒక్కటే తర్వాత వేస్తారు, ముగింపు ఇంకా కుదరలేదు. ప్రెస్సుకు తనే వెళ్దామంటే మెట్లెక్కలేడు. ఫోను చేస్తే, రాసినాయన చెప్పందే ఒక్క అక్షరం కూడా ముట్టుకోబోమన్నారు. వేల పేజీల్లో తప్పిపోయిన మాటలన్నీ వెతికి వాటి చోట కూర్చోబెట్టిన మనిషికి ఒక్క పేరు చేర్చడం చేతకావడం లేదు. వింటున్నవాళ్ళకు జాలేసింది. విసుగూ వేసింది. ఎనిమిది వారాలుగా ఇదే పాట.

అప్పటిదాకా నవలలో తల దూర్చిన అంగున్ పేజీ మడిచింది.

"తన పేరు వెయ్యమని ఆవిడ అడిగిందా మిమ్మల్ని?"

"అడగలేదు."

"మరెందుకు ఆరోగ్యం పాడు చేసుకుంటారు? వదిలెయ్యండి. వాళ్ళమ్మని చదువుకోనీండి."

"అడగలేదు కనకే నాకు ముద్ద దిగట్లేదు" అన్నాడు విచియన్.

బున్‌రువమ్ అంగున్ మాటే సరైనదంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కోసం ఇంత గోలేమిటంది. తవిన్‌కు ఏ తగువైనా ఓట్లతో తేల్చడం సరదా. వదిలెయ్యమనేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. అందరికంటే ముందు అంగున్ చెయ్యెత్తింది.

విచియన్ ఆ చేతికేసి చాలాసేపు చూశాడు. ఎర్రపెన్నుకు మూత పెట్టి, సరే, మూడో ప్రూఫులో తప్పులేమీ లేవని రాసి పంపేస్తానన్నాడు.

ఐదు వారాల తర్వాత, విచియన్ దహనానికి వచ్చినవాళ్ళందరికీ అక్కడి ఆచారం ప్రకారం రాసి అచ్చు వేయించిన తండ్రి జీవితచరిత్రను ఆయన కొడుకు తల వంచి పంచుతుంటే, అంగున్ కూడా అందరితోపాటు వరుసలో నిలబడి, తన పేరు లేని ఆ పుస్తకాన్ని రెండు చేతులా అందుకుంది.