వంకలో తేట నీళ్లు

"తాగు! నీ నీళ్లు మంచివైతే ఒక్క గుక్క తాగి చూపించప్పా!"

అలివేలమ్మ ఎర్రటి నీళ్ల బిందెను వెంకటేశులు ముందు దబ్బున దించింది. ధర్మవరం దారిలో పట్టునూలుకు రంగులద్దే కార్ఖానా అతనిది. దాని వెనకే వంక. ఆ వంక ఊటే ఊరి బావికి దిక్కు.

"నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టినాం కదమ్మా! కనబడలేదా?" అన్నాడు వెంకటేశులు తాపీగా.

"కనబడతాండాది. దానికి పట్టిన తుప్పూ కనబడతాండాది. ఒక్కనాడన్నా తిప్పినావా? ఎనుములు కూడా ఈ నీళ్లకు మూతి పెట్టడం లేదు. పైన ఆ పొగ చూడు! బాయిలర్లో పాత టైర్లు కాలుస్తాండావు. నా మనమరాలు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతాండాది."

"ప్లాంటు తిప్పితే కరెంటు బిల్లు ఎవరు కడతారు, మీ ఊరోళ్లా?"

చేసిందంతా చేసి, పైగా దబాయింపు! అలివేలమ్మకు ఒళ్లు మండిపోయింది. బిందె ఎత్తి అతని నెత్తిన గుమ్మరించేదే, ఇంతలో వాచ్‌మన్ తిమ్మప్ప పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, రోడ్డవతల తెల్లకారు నిలబడింది. లోపల కళ్లద్దాలాయన, చేతిలో ఫైలు. మన వంక నీళ్ల దిక్కే చూస్తాండాడు. సోడా ఇయ్యబోతే అద్దం కూడా దించలేదు!"

వెంకటేశులు కార్ఖానా లోపలికి తిరిగి కేకేశాడు. "తనిఖీకి వచ్చినట్టుండారు. ప్లాంటు ఆన్ చెయ్యండ్రా! టైర్లు లాగేసి కట్టెలు పెట్టండి!"

మోటార్లు గుర్రుమన్నాయి. పొగ పలచబడింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వంకలోకి తేట నీళ్లు దిగాయి.

అది చూసి అలివేలమ్మకు కోపంతో ఏడుపొచ్చింది. ఈ నీళ్లు చూసి ఆ ఆఫీసరు అంతా బాగుందని రాసుకుని పోతాడు. కారు మలుపు తిరగ్గానే మళ్లీ ఎరుపే. ఇక తన మాట నమ్మేదెవరు? బిందె చంకనేసుకుని రోడ్డు దాటింది. కారు అద్దం మీద దబదబా బాదింది.

"దిగు సారూ! మేం తాగే నీళ్లు ఇయి! ఆడ పారేదంతా నువ్వు వచ్చినావని ఆడే నాటకం. నీడలో కూచుంటే మా బాధ నీకేం తెలుస్తాది?"

అద్దం బెత్తెడు దిగింది. కళ్లద్దాల వెనక ఉన్నది వాళ్ల వీధి టైలరు బాబావలి.

"మెల్లగా అక్కా! పెనుకొండ బాడుగ కారు ఇది. మనోళ్లు ఎవరో ఒకరు ఈడ కూచున్నంతసేపూ ఆ ప్లాంటు తిరుగుతాది. రేపు నీ వంతు, మంచి చీర కట్టుకొని రా."