నెమలి చుట్టూ తెల్ల గీత

గడువు సాయంత్రం ఐదు. అప్పటికే మూడున్నర అయింది.

నెమలి చుట్టూ ఉన్న తెల్ల గీత మాత్రం ససేమిరా పోనంటోంది.

సృజన మౌస్ వదిలేసి జుట్టు పట్టుకుంది.

మెదక్ బస్టాండ్ ఎదురుగా ఆమె జిరాక్స్ షాపు. చేసేది జిరాక్సులూ ఆన్‌లైన్ దరఖాస్తులూ అయినా, ప్రాణమంతా డెస్క్‌టాప్ స్కిన్ల మీదే. కంప్యూటర్ తెర మీద కనబడే గడియారానికీ, క్యాలెండరుకూ, బ్యాటరీ గుర్తుకూ కొత్త వేషం కట్టడమన్నమాట. పోయినేడు స్కిన్ల పోటీకి ఒకటి పంపితే "అంచులు శుభ్రంగా లేవు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఆ ముక్క ఏడాదంతా ఆమె చెవిలో జోరీగలా తిరిగింది.

ఈసారి నెమలిని పట్టింది.

పాత టాకీసు గోడ మీద ఎవరో ఎప్పుడో వేసిన పెద్ద నెమలి అది. గోడకు మళ్లీ సున్నం కొడుతున్నారని తెలిసి పరుగెత్తుకెళ్లి ఫోన్‌లో ఫొటో తీసుకుంది. మర్నాటికి గోడంతా తెల్లబడింది. ఇప్పుడు ఆ పింఛమే ఆమె గడియారం. గంట గంటకూ పింఛంలో ఒక్కో కన్ను వెలుగుతుంది. చూస్తుంటే తనకే ఒళ్లు పులకరిస్తోంది!

తెల్లటి తెర మీద దివ్యంగా ఉంది. నల్లటి తెర మీద పెట్టగానే ఈక ఈకకూ తెల్ల గీత.

"బిడ్డా, గీ ఆధార్ కార్డు రెండు జిరాక్సులు తీస్తవా?"

గుమ్మంలో ముసలాయన. మందపాటి కళ్లద్దాలు, భుజాన సంచి.

"జర ఆగుండ్రి తాతా. పనిల ఉన్న."

"ఆగుత గని, నాలుగింటికి పట్నం బస్సు. కండ్ల దవాఖానకు పోవాలె."

సృజన విసుగ్గా లేచి కార్డు అందుకుంది. పేరు గాబ్రియేలు. ఊరు మెదక్. మిషన్‌లో పెట్టి వెనక్కి తిరిగేసరికి, ముసలాయన ముక్కు తగిలేంత దగ్గరగా తెరలోకి చూస్తున్నాడు.

"మంచిగ కోసినవ్ బిడ్డా. మరి గీ తెలుపేంది?"

"గదే నా పరేషాన్. పొద్దుగాల్నుంచి సతాయిస్తుంది."

"అది నెమలిది కాదు. ఎన్క గోడది."

"నాకెరుకే తాతా. జర లోపల్కి కోస్తే ఈకలు పోతున్నయ్."

"కోసుడుల తప్పు లేదు. రంగు గీత కాడ్నే ఆగింది, గందుకే."

"అంటే?"

"నేను సినిమా కటౌట్ల పని చేస్తుంటి. గీత దాంక రంగేసి కోస్తే, రంపం ఇంత అటు జరిగినా తెల్ల చెక్క కనబడ్తది. ముందుగాల రంగును గీత దాటించాలె. బెత్తెడు అవుతలికి పూయాలె. అటెన్క కోయాలె."

సృజనకు నవ్వొచ్చింది. రంపం పట్టిన మనిషి వచ్చి తనకు కంప్యూటర్ నేర్పుతున్నాడు!

"ఇది కట్టె కోసినట్టు కాదు తాతా. గీడ అంచు కాడ రంగు సగమే కనబడ్తది."

"గా సగం ఎవరిది మరి? గోడదా, నెమలిదా?"

సృజన మౌస్ అందుకుని ఆ అంచును పెద్దది చేసింది.

ముసలాయన వేలు కిందికి జరిపాడు. "గీ కాలి కింద ఏదో ఉండాలె గదా?"

"ఏదో మురికి తాతా. రంగు పెచ్చులు. పొద్దంత కూసోని ఒక్కొక్కటి తుడిచేసిన. అంచు కాడ మచ్చ కనబడితే పోటీల తీస్కోరు."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు.

"మంచిగ తుడిచినవ్. జాడ గూడ లేదు."

జిరాక్సులు మడిచి సంచిలో పెట్టుకుని బస్టాండ్ వైపు నడిచాడు.

సృజన తలెత్తలేదు. ఆమె బుర్రలో ఆ ప్రశ్నే గిర్రున తిరుగుతోంది. గోడదా, నెమలిదా?

నెమలి ఆకారాన్ని అచ్చులా తీసి పక్కన దాచింది. ఈకల నీలాన్నీ పచ్చనీ అంచు దాటించి బయటికి పాకించింది. గోడ తెలుపంతా ఆ రంగుల కింద మునిగిపోయింది. అప్పుడు అచ్చు పెట్టి కోసి, ఊపిరి బిగబట్టి నల్ల తెర మీద పెట్టింది.

గీత లేదు!

ఎర్ర తెర మీద పెట్టింది. లేదు! ఎనిమిది రెట్లు పెద్దది చేసింది. ఎక్కడా లేదు!

"అయ్యిందే! తాతా, అయ్యింది!"

ఒక్క దూకులో గుమ్మంలోకి వచ్చింది. పక్క హోటల్లో టీ తాగేవాళ్లు గ్లాసులు దించి చూశారు. పట్నం బస్సు అప్పుడే మలుపు తిరిగి పోతోంది.

లోపలికి వచ్చి, స్కిన్ ఎక్కించి పోటీ ఫారం నింపింది. చివరి గడిలో, అసలు బొమ్మ వేసినవారి పేరు అని అడిగారు.

"తెలియదు" అని కొట్టింది. పంపేసింది.

'మీ ఎంట్రీ అందింది. ఇక మార్పులకు వీల్లేదు' అని తెర మీద పడింది. కుర్చీలోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది సృజన.

ముందెలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి స్నేహితురాలు రచనకు చూపించాలని ఫోన్‌లో మొదటి ఫొటో తెరిచింది.

తెర మీద ఎనిమిది రెట్లు పెంచి చూసినప్పుడు పెచ్చుల్లా ఉన్న మచ్చలు, ఫోన్‌లో చిన్నగా, ఒక వరుసలో నిలబడి ఉన్నాయి.

పొద్దంతా కూర్చుని తను జాడ లేకుండా తుడిచేసిన ఆ మురికిలో, నెమలి కాలి కింద, 'గాబ్రియేలు, మెదక్' అని రాసి ఉంది.