తొమ్మిది శాతం

“బుజ్జీ, మళ్ళీ తొమ్మిదేనటరా,” అంది అక్క ఫోన్లో.

నలభై దాటి, నుదుటి మీద జుట్టు సగం వెనక్కి తగ్గిన మనిషిని బుజ్జీ అని పిలిచేది లోకంలో అక్క ఒక్కతే. ఈ వారంలో ఇది నాలుగో పిలుపు. ఆరు రోజులు దుకాణంలో నడుం వంచి కంప్యూటర్లు బాగుచేసి, ఆదివారం మధ్యాహ్నం అలా ఒరిగాడో లేదో ఫోను మోగింది. విసుక్కునే ఓపిక కూడా లేదు. స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

కంప్యూటర్ బావది. బిగించింది బుజ్జి.

బావ ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు. నాలుగు నెలల కిందట వానలో బస్సు జారి డివైడర్ ఎక్కేసింది. ప్రయాణికులకి చిన్న చిన్న గీతలు తప్ప ఏమీ కాలేదు. బావ కాలి ఎముక మాత్రం విరిగింది. ఇప్పుడది అతుక్కుంది. నిక్షేపంగా బండెక్కొచ్చని డాక్టరు కాగితం కూడా రాసిచ్చాడు. రేపు డిపోలో పరీక్ష. పై అధికారి పక్కన కూర్చుని చూస్తాడు. పాసైతే పాత రూటు. లేదంటే రిటైరయ్యేదాకా టికెట్ల గదిలో కుర్చీ.

ఈలోగా కాలికి అలవాటు పడుతుందని పది రోజుల కిందట బుజ్జి ఈ ఏర్పాటు చేశాడు. బస్సు నడిపే ఆట, బల్లకి బిగించిన స్టీరింగు, కింద పెడళ్ళు, మంచి గ్రాఫిక్స్ కార్డు. కార్డు ఎంత కష్టపడుతోందో తెలిసేలా తెర మూలన శాతాల్లో ఓ అంకె కూడా పెట్టి గొప్పలు పోయాడు.

“రోడ్డు, చెట్లు, జనం, అద్దాల్లో వెనకొచ్చే బళ్ళు, అన్నీ గీసేది ఈ కార్డే బావా. బస్సు పరిగెడుతుంటే తొంభై దాటాలి.”

ఆ మాటన్న నోటిని ఈ వారంలో చాలాసార్లు తిట్టుకున్నాడు.

మొదటిరోజు తెర వైరు కార్డుకే తగిలించానా అని చూశాడు. కార్డుకే ఉంది. రెండోసారి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాడు. మూడోసారి కరెంటు ఆదా చేసే సెట్టింగులన్నీ మార్చాడు. వచ్చిన ప్రతిసారీ తన కారు రేసు ఆట ఒకటి నడిపి చూపించాడు. అంకె తొంభై ఆరుకి ఎగబాకేది. బావ కూర్చుంటే తొమ్మిది.

బస్సు ఆటలో మాత్రం బుజ్జిని వేలు పెట్టనిచ్చేవాడు కాదు. “నా బండి ఇంకొకడు తోలితే నాకు పడదురా,” అనేవాడు. డ్రైవర్లకి అదో పట్టింపు కాబోలు అనుకున్నాడు బుజ్జి.

ఇవాళ బావ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“నీకు మళ్ళీ శ్రమ, బామ్మర్దీ.”

“సరేలే. నడిపేటప్పుడు ఎలా ఉంటోంది? కుదుపులొస్తున్నాయా? బొమ్మ ఆగి ఆగి కదులుతోందా?”

బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

“కార్డు సరిగ్గా ఉంటేగా నడపడానికి.”

బుజ్జి నేల మీద చతికిలబడ్డాడు. కంప్యూటర్ డబ్బా విప్పాడు. కార్డు పీకి, దాని అంచుని రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చాడు. లేచేసరికి మోకాళ్ళు కటకటమన్నాయి. రేసు పెడితే తొంభై ఆరు.

“చూశావా!”

“నీ చేతిలో బుద్ధిగానే ఉంటుంది. నేను కూర్చుంటేనే దానికి మాయరోగం,” అన్నాడు బావ. “నువ్వెళ్ళి టీ తాగు. నేనోసారి చూస్తా.”

తలుపు మూసుకుంది.

వంటగదిలో అక్క గ్లాసు చేతికిచ్చి గొంతు తగ్గించింది.

“రేపటికి బాగవుతుందంటావా? ఇవాళైనా నడిపారా అంటే, కార్డు బాగాలేదే అంటారు. పొద్దున్నే తలుపేసుకుంటే మళ్ళీ భోజనానికే లేవడం. చెవులకి అవేవో తగిలించుకుంటారు, చప్పుడు కూడా బయటికి రాదు. యూనిఫాం రెండుసార్లు ఇస్త్రీ చేశాను, తెలుసా?”

“అవుతుందిలే అక్కా,” అన్నాడు. కానీ ఎలా అవుతుందో అతనికే అంతుపట్టడం లేదు. చేయాల్సినవన్నీ చేసేశాడు. ఇక తన బుర్ర తప్ప విప్పడానికేమీ మిగల్లేదు.

పావుగంటకి తలుపు తెరుచుకుంది. బావ తువ్వాలుతో మొహం, మెడ తుడుచుకుంటున్నాడు.

“తొమ్మిదేరా.”

అని, స్నానానికి వెళ్ళిపోయాడు.

బుజ్జి ఆ కుర్చీలో కూలబడ్డాడు. తప్పు కార్డులో లేకపోతే ఆటలోనే ఉండాలి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ తడబడింది, అన్నీ ఆట తనంతట తాను రాసి పెట్టుకునే పేజీ ఒకటుంటుంది. ఇన్ని రోజులూ అది తెరవాలని తోచనే లేదు. తెరిచాడు.

చదివాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివాడు.

“దొరికిందా?” అక్క గుమ్మంలోంచి అడిగింది.

“దొరికిందక్కా.”

“పెద్దదా?”

గోడ అవతల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“కార్డుకేం కాలేదు. రేపు దుకాణం తియ్యను. బావతో పాటు డిపోకి నేనూ వెళ్తా.”

తెర మీద ఆ పేజీ అడుగున రెండు వరుసలున్నాయి: స్టీరింగు ముందు గడిపిన సమయం నలభై ఆరు గంటలు, బస్సు నడిచిన దూరం సున్నా కిలోమీటర్లు.