సున్నం గీత

“బర్రెలను ఇప్పుతవా, లేకుంటే జేసీబీ తోలమంటవా?”

చెరువు ఒడ్డున సమితి ఆఫీసు వరండాలో కుర్చీ మీద నుంచి లేవకుండానే అరిచాడు పరమేశ్వర్. ఎదురుగా చిన్న దిబ్బ మీదున్న కొట్టం ముందు, గుంజను పట్టుకుని నిలబడింది ముత్తవ్వ. ఆమె వెనక రెండు బర్రెలు ఈ గొడవతో తమకేం పని లేనట్టు నెమరేస్తున్నాయి. పక్కనే జేసీబీ గుర్రుగుర్రుమంటోంది.

“ఏడికి తోలుకపోవాలె సారూ? గీ పాలతోనే గదా నా బతుకు,” అంది ముత్తవ్వ.

“గది నాకెందుకు? శిఖంల కొట్టమేస్తే ఊకుంటరా? చెరువు భూమి అందరిది.”

పరమేశ్వర్ చెరువు శిఖం భూముల పరిరక్షణ సమితికి అధ్యక్షుడు. శిఖమంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే నేల. బోధన్ చుట్టుపక్కల ఏ చెరువు చూసినా ఆ నేల ఏటేటా ఎవరో ఒకరి నోట్లోకి పోతూనే ఉంది. దాన్ని కాపాడడానికే సమితి పెట్టారు. జీతం లేదు, భత్యం లేదు, అంతా సేవ. ఈ మాట పరమేశ్వర్ పొద్దున లేచింది మొదలు అంటూనే ఉంటాడు. సమితి ఎన్నికలొస్తే మాత్రం దండ ఆయన మెడలోనే పడాలి, ఇంకో పేరు ఎవరైనా ఎత్తితే మొహం మాడ్చుకుంటాడు.

సమితి కార్యదర్శి లిడియా ఆయన పక్కనే నిలబడి ఉంది. బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషి. చెరువు బాగుపడుతుందని ఆశపడి ఇందులో చేరింది. ఇప్పుడామె కొట్టం వైపు వేలు చూపించింది.

“సార్, పోయిన నెల గొలుసు పెట్టి కొలిసిండ్రు గదా. కొట్టం శిఖం బయటనే ఉన్నదన్నరు.”

“గొలుసు కొలతలు ఎవలు నమ్ముతరమ్మా? అందుకే పట్టుబట్టి నిజామాబాద్ నుంచి కొలిసే కొత్త మిషన్ తెప్పించిన. నీళ్లు యాడిదాకొస్తయో ఇయ్యాల తేలుతది. తేలినంక గీత లోపట ఏదుంటే అది పోవాల్సిందే.”

చెరువు అంచున సర్వేయర్ శ్రావణ్ ఆ మిషన్ బిగించిన కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. అతని వెనకాలే అతని మనిషి లింబాద్రి తెల్లగా సున్నం పోసుకుంటూ వస్తున్నాడు.

“మరి ధనుంజయ్ సేటు చెరుకు కనవడ్తలేదా సార్? సగం శిఖంలనే ఉంది,” అంది లిడియా.

“పచ్చటి పంట గది. ముట్టుకుంటే పాపం. గిది సూడు, ఛీ! పొద్దుగాల వాకింగుకొచ్చేటోళ్లు ముక్కు మూసుకుంటున్నరు.”

అంటూ పరమేశ్వర్ జేబురుమాలు తీసి తన ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ముత్తవ్వ పాలతో కాచిన చిక్కటి టీ ప్రతి మీటింగులోనూ ఆ ముక్కుకు కమ్మగానే తగిలేది. ఇప్పుడు కూడా కుర్చీ పక్కన ఖాళీ గ్లాసు ఉంది. ఇక ఆఫీసు వరండాకు తళతళలాడే టైల్స్ వేయించిన దాత ధనుంజయ్ సేటే. చెరువు గాలి తిన్నగా వచ్చి తగిలే ఆ వరండా అంటే పరమేశ్వర్‌కు ప్రాణం.

“సార్, ఇంకెంతసేపు?” జేసీబీ డ్రైవర్ కేకేశాడు.

“గీత పడంగనే షురూ చెయ్యి. మిషన్ కొలత మీద మల్ల మాట లేదు. మా బాపు కట్టిన ఇల్లైనా సరే, ఇడిశిపెట్టకు!”

ఫోన్‌లో వీడియో తీస్తున్న సభ్యుడి వైపు తిరిగి అదే మాట మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకాస్త గొంతు పెంచి.

లిడియాకు అసహ్యం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషి పక్కన కూర్చుని తనూ ఆ టీ తాగింది, ఆ ఉపన్యాసాలకు తనూ చప్పట్లు కొట్టింది. సంచీలోంచి ఆఫీసు తాళంచెవి తీసి ఆయన ఒళ్లో పడేసింది.

“ఇగో సార్. నాకీ సేవ వద్దు.”

“అలుగుతవేందమ్మా? రేపటికల్ల నువ్వే వస్తవు తియ్యి,” అని నవ్వి, తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పసాగాడు పరమేశ్వర్.

లిడియా వెనక్కి చూడకుండా కొట్టం దగ్గరికి నడిచింది.

“బిడ్డా, జర తలుగులు ఇప్పు. ముడి బిగుసుకపోయింది,” అంది ముత్తవ్వ.

లిడియా వంగి తాడు ముడి మీద చెయ్యి వేసింది. సున్నం గీత తిన్నగా కొట్టం మీదికే వస్తోంది. దిబ్బ మొదట్లో శ్రావణ్ ఆగి, మిషన్‌లోకి చూసి, పక్కకు తిరిగాడు. గీత దిబ్బ చుట్టూ వంపు తిరిగి, కొట్టాన్ని బయటే వదిలేసి ముందుకు పోయింది.

“ఇప్పాల్నా, వద్దా బిడ్డా?”

“ఆగవ్వా, ఆగు!”

పరమేశ్వర్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “అరే, గట్ల తిప్పుతవేందయ్యా? మిషన్ మంచిగ సూడు!”

“మిషన్ సూపెట్టిన కాడనే పోపిస్తున్న సార్. దాని మీద మల్ల మాట లేదని మీరే అంటిరి,” అన్నాడు శ్రావణ్ తల ఎత్తకుండా.

ఫోన్‌లో వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. లింబాద్రి సున్నం పోసుకుంటూ ఆఫీసు మెట్లెక్కాడు. తళతళలాడే టైల్స్ మీదుగా, అధ్యక్షుడి కుర్చీ పక్క నుంచి గీత గీసుకుంటూ వచ్చి, మూసి ఉన్న ఆఫీసు తలుపు ముందు ఆగాడు.

“సార్, జర తాళం తియ్యుండ్రి. గీత లోపట్కెళ్లి పోవాలె.”